గట్టిబండి మాహాత్మ్యం

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో బండి కొనేవాళ్ళంత తెలివైనవాళ్ళు భూమ్మీద ఇంకెక్కడా లేరని నా నమ్మకం. బండి భద్రమా కాదా అని తేల్చడానికి వీళ్ళకు ఏ లేబొరేటరీ అక్కర్లేదు. తలుపు తీసి వేస్తారు. ధబ్ మంటే గట్టి బండి. టప్ మంటే రేకు డబ్బా. ఆపైన బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు. చెయ్యి చురుక్కుమంటే ఆ పూటే అడ్వాన్సు. ఇంట్లో ఏడాదిన్నర మనవడున్నాడు గదా, చిన్న కారయితే ఎట్లా, గట్టిదే ఉండాల అని వాడి పేరు మీదే ఇంత ఖర్చూ. పిల్లాడి కోసం 18, 20 లక్షలు పోసే కుటుంబాన్ని చూస్తే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అంత బండిలో ఆ పిల్లాడు కూర్చునే చోటు ఏదని మాత్రం అడగకూడదు. శుభమా అని బండి కొంటుంటే అదేం ప్రశ్న!

పాపం, కార్ల భద్రతకు మార్కులు వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళకు ఈ అరచేతి విద్య తెలియదు. నిగనిగలాడే కొత్త బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో తోలి, అడ్డుకు గుద్దించి నుజ్జు చేస్తారు. ముందు పెద్దల బొమ్మలు రెండు చాలవన్నట్టు వెనక ఏడాదిన్నర పిల్లంత బొమ్మ ఒకటి, మూడేళ్ళ పిల్లంత బొమ్మ ఒకటి. వాటిని ఊరికే పడెయ్యరు. పిల్లల సీట్లు బిగించి, పట్టీలు కట్టి మరీ కూర్చోబెడతారు. 2023 అక్టోబరు నుంచి మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఇదే వరస పట్టింది. ప్రాణం లేని బొమ్మకు పట్టీ కట్టే తీరిక వాళ్ళకుంది. మనం పనీపాటా ఉన్నవాళ్ళం.

అయినా ఆ మార్కుల పట్టీలు చదివితే మన సంప్రదాయం మీద గౌరవం పెరుగుతుంది. 2022 డిసెంబరులో మహీంద్రా స్కార్పియో-ఎన్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల భద్రతకు 5 నక్షత్రాలు ఇచ్చింది, పిల్లల భద్రతకు 3. ఎంత పద్ధతైన బండి! పెద్దంతరం చిన్నంతరం తెలిసింది. 2024లో బొలెరో నియో వచ్చి పెద్దలకు 1, పిల్లలకు 1 తెచ్చుకుంది. పంక్తిలో వలపక్షం లేదు. టాటా హారియర్, సఫారీలు 2023లో ఇద్దరికీ అయిదేసి నక్షత్రాలు పంచి పిల్లల్ని నెత్తికెక్కించుకున్నాయి. థార్ రాక్స్ మరీ దారుణం. 2024లో భారత్ ఎన్‌క్యాప్ పిల్లల పరీక్షలో 49కి 45 కొట్టింది. ఆ 49లో 24 గుద్దుడు పరీక్షకు. 12 రకరకాల పిల్లల సీట్లు ఆ బండిలో సరిగ్గా బిగుస్తాయా అన్నదానికి. 13 అందుకు బండిలో ఉన్న ఏర్పాట్లకు. ఇంత గారాబం చేస్తే పిల్లలు చెడిపోరూ?

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆ మార్కులన్నీ సీట్లో కట్టిన బొమ్మకు వచ్చినవి. ఒళ్ళో కూర్చున్న పిల్లాడికి ఎన్ని వస్తాయో చూసే ధైర్యం ఆ పరీక్ష పెట్టేవాళ్ళకు ఇప్పటిదాకా రాలేదు. మన అవ్వలకు వచ్చింది. చిక్కబళ్ళాపురం సంతకు పోయొచ్చినప్పుడల్లా ఆ పరీక్ష పెడుతూనే ఉన్నారు.

షోరూము కుర్రాళ్ళను పొగడకుండా ముందుకు పోలేను. బెంగుళూరులో ఉద్యోగం చేసే కోడలుపిల్ల, "ఐసోఫిక్స్ ఎక్కడుందన్నా ఇందులో?" అని అడుగుతుంది. ఐసోఫిక్స్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. మధ్య వరస సీటు వీపూ అడుగూ కలిసే సందులో రెండు ఇనుప కడ్డీలుంటాయి. పిల్లల సీటుకున్న కొక్కేలు వాటికి టక్కున తగులుకుంటాయి. సీటు ముందుకు తూలకుండా పైనుంచి వెనక్కి లాగి కట్టే పట్టీ ఇంకొకటి. కుర్రాడు అంత లోతుకు పోడు. "మేడం, ముందు సన్‌రూఫ్ చూడండి" అంటాడు. పైకప్పు జరుగుతుంది. పిల్లాణ్ణి ఎత్తి అందులోంచి నిలబెడతారు. వాడు కేరింతలు కొడతాడు. తాత ఫోటో తీస్తాడు. పిల్లాడి కోసం బండిలో ఏముంది అన్న ప్రశ్నకు అంతకంటే నిలువెత్తు జవాబు ఎవరివ్వగలరు?

ఆ కడ్డీలు ఎలాగూ ఎక్కువకాలం కంటబడవు. డెలివరీ అయిన బండి నేరుగా సీటు కవర్ల అంగడికి పోతుంది. డైమండు కుట్టు, ఎర్ర దారం, కాఫీ రంగు రెగ్జిన్. అంగడాయన పనితనం ఎంతదంటే, సందులో చేయి పెట్టి ఎంత తడిమినా వేలికి రెగ్జిన్ మడతే తగులుతుంది గాని ఇనుము తగలదు. కంపెనీ ఇచ్చిన గుర్తు బిళ్ళ కూడా కవరు కింద సమాధి అయిపోతుంది. కొన్ని బండ్లలో ముందు సీటు వీపు పక్కన దాక్కున్న ఎయిర్‌బ్యాగు కూడా ఇదే పద్ధతిలో మూతపడుతుంది. కొత్త సీటు నలగకూడదని ఇంత జాగ్రత్త.

ఇక బండి కట్టినవాళ్ళ ముందుచూపు. చాలా మూడు వరసల బండ్లలో వెనక వరసకు పోవాలంటే మధ్య సీటును మడిచి ముందుకు బోర్లించాలి. అక్కడ పిల్లల సీటు బిగించి ఉంటే ఆ సీటు బోర్లదు. అంటే మనవడు భద్రంగా ఉంటే తాత రోడ్డు మీద ఉండాలి. తాత వెనక్కి పోతే మనవడి సీటు డిక్కీలో ఉండాలి. డిక్కీలో అయినా చోటెక్కడ? మూడో వరస నిలబెట్టాక అక్కడ రెండు గోనె సంచులు పట్టడమే గగనం. ఏడెనిమిది మందికని కొన్న బండి కుటుంబాన్ని ఇంత సూటిగా ధర్మసందేహంలో పెట్టడం సామాన్యమా? పాత బండ్లలో వెనక ఎదురెదురుగా బెంచీలుండేవి. వాటికి పిల్లల సీటు తగిలించే దారే లేదు కాబట్టి సందేహమూ లేదు. మోకాళ్ళు మోకాళ్ళు తగిలించుకుని కబుర్లాడుకుంటూ పోయేవాళ్ళం.

ఎత్తు సంగతి. బాగేపల్లి నుంచి చేలూరు మీదుగా చింతామణికి పోయినవాళ్ళకు ఊరికో హంపు ఎట్లా ఉంటుందో తెలుసు. అక్కడ ఎత్తయిన బండి దేవుడిచ్చిన వరమే, అందులో నాకు రెండో మాట లేదు. కాకపోతే నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఫుట్‌బోర్డు ఎక్కి, వాడి తల పైన తగలకుండా వంగి, సీట్లోకి దించి, నడుము మధ్య బకిల్ వేయడం అన్నది తల్లులకు కంపెనీ ఉచితంగా ఇచ్చిన యోగాభ్యాసం. ఇంకా చిన్న పిల్లయితే సీటును వెనక్కి తిప్పి పెట్టాలంటారు. ఐరోపా కొత్త నిబంధన 15 నెలలు దాటేదాకా అట్లాగే ఉంచమంటుంది. పసివాళ్ళకు ఒంటి మీద తలే బరువు, మెడ లేత. ఎదురు దెబ్బ తగిలితే తల ముందుకు ఊగకుండా సీటు వీపే కాస్తుందని లెక్క. ఆ వెనక్కి తిప్పిన సీటుకు చోటు కావాలంటే ముందు సీటు జరపాలి. అప్పుడు మామగారి మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు ఆనుతాయి. మామగారి మోకాలికీ మనవడి మెడకూ పోటీ పెట్టి చూడండి, ఏది గెలుస్తుందో. "అయినా పిల్లగాడు రోడ్డు చూడొద్దా?" అని ఆయన అడిగే మాటకు నిబంధన రాసినవాళ్ళు కూడా నోరు మూసుకోవాల్సిందే.

అందుకే చివరికి అందరూ అవ్వ ఒడి దగ్గరికి వస్తారు. "యాలమ్మా, నా బిడ్డను ఆ డబ్బాలో కట్టేసేది? నేను సచ్చిపోయినానా?" అంటుంది అత్త. అంతటితో చర్చ ముగుస్తుంది. ఒడి గొప్పదనాన్ని తక్కువ చేసే పాపం నాకొద్దు. కాస్త కొలిచి చూపిస్తాను. గంటకు 64 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. పది కిలోల పిల్లాడు ఆ క్షణాన దాదాపు 180 కిలోల బరువుతో ముందుకు లాగుతాడు. చింతామణి మార్కెట్టులో టమాటా బాక్సు 15 కిలోలు. అంటే 12 బాక్సులు. కండ తిరిగిన హమాలీ కూడా చేతుల్లోకి తీసుకోలేని 12 బాక్సుల్ని, మోకాళ్ళ నొప్పులకు తైలం రాసుకునే మా అవ్వ, ముందు చెప్పకుండా విసిరినా ఒడిసి పట్టేస్తుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఇంత నమ్మకం ఈ రోజుల్లో బ్యాంకుల మీద కూడా లేదు.

అవ్వ ముందు సీట్లో కూర్చుంటే మహిమ రెట్టింపు. ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటుంది. రెప్ప పడేలోగా పేలి ఉబ్బేది అది. పెద్దవాళ్ళ ఛాతీకి అడ్డం రావాల్సిన ఆ సంచికీ అవ్వకూ నడుమ పిల్లాడు. అవ్వకు ఎంత మెత్తగా ఉంటుందో చూడండి! అక్కడ పసిపిల్లల సీటు పెట్టొద్దని సన్‌వైజరు మీద బొమ్మ వేసి అడ్డంగా ఎర్రగీత గీసి ఉంటుంది. మనవాళ్ళు దాన్ని అక్షరాలా పాటిస్తారు. సీటు పెట్టరు, పిల్లాణ్ణి మాత్రమే పెడతారు.

చింతామణి పక్కన కైవారమే ఒకప్పటి ఏకచక్రపురమని స్థలపురాణం. బకాసురుడికి రోజూ ఒక బండెడు అన్నం, తోలుకెళ్ళిన మనిషి. వంతు వచ్చిన ఇంట్లో తండ్రి నేను పోతానంటే తల్లి నేనంటుంది. మాటలు కూడా సరిగ్గా రాని చంటివాడు గడ్డిపోచ పట్టుకుని, దీంతో రాక్షసుణ్ణి పొడిచేస్తానంటాడు. భారతంలో ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వే చోటు అది. ఆ ఇంటివాళ్ళు మాత్రం, ఎంత అమాయకులో, వాణ్ణి బండెక్కించలేదు. చివరికి ఎక్కింది భీముడు. డ్యాష్‌బోర్డు మీద యోగి కైవారం తాతయ్య పటం పెట్టుకుని, నిమ్మకాయలు తొక్కించి బయల్దేరే మనం ఆ కథలో చంటివాడి ధైర్యం ఒక్కటే నేర్చుకున్నాం.

మన రోడ్డు కూడా తక్కువది కాదు. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి ఆంధ్రాలోకి దిగే 44వ నంబరు జాతీయ రహదారి. చలికాలం పొద్దున నంది కొండల పక్కన మంచు కమ్మితే పది గజాల దూరం కూడా తెలియదు. 2023 అక్టోబరు 26 పొద్దున చిక్కబళ్ళాపురం పొలిమేరలో, రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్యాంకరును బాగేపల్లి వైపు నుంచి వస్తున్న టాటా సుమో గుద్దుకుంది. 13 మంది పోయారు. సుమో కూడా తలుపు వేస్తే ధబ్ మనే బండే.

చట్టాన్ని మరిచానంటే కృతఘ్నుణ్ణవుతాను. 2019 సెప్టెంబరు నుంచి మోటారు వాహనాల చట్టంలో 194బి అని ఒక సెక్షన్ ఉంది. 14 ఏళ్ళు నిండని పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకుండా బండి నడిపితే 1000 రూపాయలు జరిమానా. ఎంత దయగల చట్టమో! ఆ రెగ్జిన్ కవర్ల ముందు వెయ్యి ఏపాటి? పైగా అడిగేవాళ్ళేరీ? బాగేపల్లి టోల్‌గేటులో కెమెరాకు అద్దం మీద ఫాస్టాగ్ కనిపిస్తుంది, అదే అద్దం వెనక అవ్వ ఒళ్ళో మనవడు కనిపించడు. బెల్టు పెట్టలేదని బండి కీచుకీచుమంటే దాని నోరు నొక్కే క్లిప్పు కూడా ఉంది. వినియోగదారుల రక్షణ అథారిటీ 2023లో అయిదు ఆన్‌లైన్ కంపెనీలకు వాటి అమ్మకం ఆపమని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, గిరాకీ ఎంతుండి ఉంటుందో ఊహించుకోండి. ఇంట్లో వంద మాటలన్నా పలకని మనిషి బండి రెండుసార్లు కీచుమంటే తట్టుకోలేడు.

ఇంతకీ పిల్లల సీటు కొననే లేదనుకునేరు. కొన్నారు. మేనమామ బెంగుళూరు నుంచి మంచిదే తెచ్చిచ్చాడు, కింద భద్రతా ప్రమాణం స్టిక్కరు చూసి మరీ. అది నడవలో గోడకు ఆనించి ఉంది. పిల్లాడు అన్నం దగ్గర ఒక్క చోట కూర్చోడు, ఇల్లంతా పరిగెత్తిస్తాడు. అందుకని పూటపూటా వాణ్ణి అందులో కూర్చోబెట్టి, భుజాల మీద రెండు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య ఒకటి, అయిదు పట్టీలూ బిగించి, బకిల్ టక్కుమనేదాకా నొక్కి, అవ్వ రాగిముద్ద తినిపిస్తుంది. కదలడానికి లేదు, పడడానికి లేదు. ఎంత భద్రమో అని తనే మెచ్చుకుంటుంది. మూతి తుడిచాక పట్టీలన్నీ విప్పి, ఎత్తుకుని, "పదప్పా, పోదాం" అంటూ తీసుకెళ్ళి బండెక్కిస్తుంది.