రాత్రి ఎన్నిసార్లు లేచారు?

మా రోజుల్లో కోబాల్టు మిషనే దిక్కు. దాని పక్కన టెక్నీషియన్‌గా ముప్ఫై ఏళ్ళు చేశాను. ప్రోస్టేటు క్యాన్సరుకి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఏడెనిమిది వారాలు తిరగాలి. ఇప్పుడు చాలామందికి 20 సిట్టింగులు, కొందరికి ఐదే. గురి తప్పని మిషన్లు వచ్చాయి, మంచిదే. కానీ బల్ల మీద పడుకోబెడుతూ మేం రోజూ అడిగిన ఆ ఒక్క మాట అడిగేవాళ్ళు కరువయ్యారు: "రాత్రి ఎన్నిసార్లు లేచారు పెద్దాయనా?"

అడగ్గా అడగ్గా ఏ మూడో వారానికో నోరు విప్పేవారు. మూత్రంలో మంట, ఆగి ఆగి రావడం, గుమ్మం దాటేలోపే పంచె తడవడం. ఈ సంగతి కొడుక్కి చెప్పుకోరు, కోడలి ముందు అసలే ఎత్తరు. ఐదు సిట్టింగులతో పంపేస్తే మంట ముదిరేసరికి మనిషి ఇంట్లో ఉంటాడు. అక్కడెవరు అడుగుతారు?

మొన్న మా తమ్ముడి వియ్యంకుడు కరెంటు పెట్టించుకోవడానికి వెళ్తే తోడు వెళ్ళాను. "నీళ్ళు తాగి ఉండండి" అన్నారు అక్కడివాళ్ళు, అంతే. ఎన్ని తాగాలో, ఎప్పుడు తాగాలో చెప్పలేదు. ఆయన లీటరు సీసా ఖాళీ చేశారు. మిషన్ దగ్గర గంట ఆలస్యం. మోకాళ్ళు బిగబట్టి, తువాలు కొస పిడికిట్లో నలుపుతూ కూర్చున్నారు. ఆగలేకపోయారు. ఆ తువాలుతోనే బెంచీ తుడిచి, తలెత్తకుండా నిలబడ్డారు. మర్నాడు పొద్దుటినుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు.

మూత్రాశయం నిండుగా ఉంటే దాని పైభాగమూ పేగులూ కరెంటు దారిలోంచి పక్కకి జరుగుతాయి. అందుకే రోజూ ఒకే తీరుగా నిండాలి. ముందు పోసేసి, ఆసుపత్రివాళ్ళు చెప్పే కొలత, మామూలుగా రెండు మూడు గ్లాసులు, తాగి అరగంటో ముప్పావుగంటో ఆగాలి. ఓర్చుకోగలిగినంత చాలు. ఈ ముక్క కూర్చోబెట్టి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు! నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. తగ్గించుకోవాల్సింది కాఫీ టీలు, పడుకోబోయే ముందు నీళ్ళు.

ధార సన్నబడితే టామ్సులోసిన్ లాంటి మాత్రలున్నాయి. మంటకి ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించాలి. బొత్తిగా ఆగిపోతే తెల్లారేదాకా చూడకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. ఏళ్ళ తర్వాతైనా సరే, నెత్తురు కనబడితే చూపించుకోవాలి. చాలామందికి కరెంటు అయిపోయాక కొన్ని వారాల్లో మంట నెమ్మదిస్తుంది. ఆ సంగతైనా ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నిన్న నేనే ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఏడుసార్లు, బావగారూ" అన్నారు.