ముచ్చికతో సహా: ఒక దోటి ఆత్మకథ

నన్ను దోటి అంటారు. పదిహేనడుగుల వెదురు గడ, దాని కొసన జానెడు వెడల్పు ఇనప చుట్టు, చుట్టుకి నైలాన్ చిక్కం, పై అంచున బొటనవేలంత కత్తి. ఇంతే నేను. ఆగిరిపల్లి దాటి నూజివీడు వైపు వెళ్తుంటే వచ్చే ఎర్రనేలల్లో, రెండెకరాల మామిడితోటలో నా ఉద్యోగం. ఏడాదిలో ఎక్కువ భాగం పశువుల పాకలో వాసాలకి అడ్డంగా పడుకునే ఉంటాను. ఎండాకాలం రెండో సగం వచ్చిందంటే మాత్రం ఊపిరాడదు. నా కొస కొమ్మల్లో ఉంటే మొదలు మనిషి చేతిలో ఉంటుంది కాబట్టి పై సంగతులూ తెలుసు, కింది సంగతులూ తెలుసు. ఈ తోట కథ చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరని నా నమ్మకం.

పుట్టింది రంపచోడవరం వైపు కొండల్లో. మామిడికి ఏటేటా కాస్త కాస్త లావెక్కే అలవాటుంది. మాకు లేదు. నేల చీల్చుకుని వచ్చేటప్పుడే ఎంత లావు ఉండాలో అంత లావుతో వస్తాం. ఒక్క వానాకాలంలో పూర్తి ఎత్తు అందుకుంటాం. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు పట్టేది పెరగడానికి కాదు, గట్టిపడటానికి. నాతోపాటు ఒకే పొదలో లేచినవాళ్ళలో కొందరు నిచ్చెనలయ్యారు, కొందరు తడికలయ్యారు, కొందరు కాగితపు మిల్లుకు పోయి ఏ పిల్లవాడి పరీక్ష పేపరయ్యారో తెలియదు.

మా జాతి మీద ఒక తగువు కూడా నడిచింది. వృక్షశాస్త్రం లెక్కన మేం గడ్డి, వరికీ చెరుకుకీ చుట్టాలం. 1927 నాటి అటవీ చట్టం మాత్రం మమ్మల్ని చెట్లలో కలిపేసింది. దాంతో సొంత పొలం గట్టున పెంచుకున్న వెదురు కొట్టి బండికెక్కించాలన్నా అనుమతుల బెడద ఉండేది. 2017లో చట్టం సవరించి చెట్ల జాబితాలోంచి మా పేరు కొట్టేసి, అడవి బయట పెంచిన వెదురుకి ఆ బెడద తప్పించారు. అదే ఏడాది మా తోటని ఏలే బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒకే ఏడాదిలో దానికి బిరుదు వచ్చింది, నాకు హోదా తగ్గింది. అయినా ఈ గడ్డిపోచ పైకి వెళ్ళి చెయ్యందిస్తే తప్ప ఆ బిరుదాంకితానికి క్షేమంగా కిందికి దిగే దారి లేదు.

అడితిలో నన్ను ఏరి తీసినవాడు ఒక మేదరాయన. నిప్పు సెగ మీద వంకరలు తీశాడు. అరిచేతికి గుచ్చుకోకుండా కణుపులు చెక్కాడు. కొనడానికి వచ్చిన మాస్టారితో, "ఈ గడ మీ తర్వాత కూడా ఉంటుందండీ" అన్నాడు. "గడ ఉంటుంది సరే, నా తర్వాత దీన్ని పట్టేవాళ్ళుండాలి కదయ్యా" అన్నారు మాస్టారు. బేరం మాత్రం ఆడలేదు. నాకాయన నచ్చింది అక్కడే.

ఆయన లెక్కల మాస్టారు. ఉద్యోగ విరమణ చేశాక చేతికొచ్చిన డబ్బుతో ఈ తోట కొన్నారు. పాత పద్ధతిలో పది మీటర్లకొకటి చొప్పున, ఎకరానికి నలభై చెట్లు. బంగినపల్లి ఎక్కువ, చిన్న రసాలు రెండు వరసలు, గట్టు వెంట కలెక్టర్ కాయ. జమాఖర్చులు రాసే పుస్తకం ఒకటుంది. ఎరువు, దుక్కి, తేనెమంచు పురుగుకి మందు, కూలి, డ్రిప్పు పైపులు ఉడతలు కొరికితే మళ్ళీ పైపులు అన్నీ ఒక పక్క. అమ్మిన పెట్టెలు రెండో పక్క. రెండు పక్కలూ ఏ ఏడూ కలవవు. తేడా వచ్చిన అంకె ఎదురుగా ఆయన "సరదా" అని రాసి గీత గీస్తారు. అమ్మగారు ఆ పేజీ చూసినప్పుడల్లా ఒకటే మాట: "ఆ సరదాతో బజార్లో పళ్ళు కొని మన వీధి వీధంతా పంచొచ్చు."

మాస్టారిది తోట, మాట మాత్రం బాబాయ్‌ది. వయసులో పెద్దవాడని మాస్టారు ఆయన్ని బాబాయ్ అని పిలుస్తారు. ఏ కొమ్మ ఎప్పుడు కొయ్యాలో చెప్పేది ఆయనే. పొద్దున్నే ఎండ ముదరకముందు వస్తాడు. వచ్చీ రాగానే నన్ను ఎత్తడు, తల ఎత్తుతాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. లేత కాయకి భుజాలు ముచ్చిక కంటే కిందికి జారి ఉంటాయి. ముదిరితే భుజాలు పైకి లేస్తాయి, ముచ్చిక మొదట్లో చిన్న గుంట పడుతుంది. తొక్క మీద చుక్కలు విడివిడిగా తేలతాయి, ముదురాకుపచ్చ కాస్త వెలుస్తుంది. అనుమానం వస్తే ఒక కాయ కోసి నీళ్ళ బకెట్లో వేయిస్తాడు. మునిగితే ముదిరినట్టు. తేలితే, "ఇంకో నాలుగు రోజులాగండి మాస్టారూ" అంటాడు. మాస్టారు ఆగుతారు.

ఇక నా పని. చిక్కం కాయ అడుగు నుంచి వెళ్ళి దాన్ని లోపలికి తీసుకోవాలి. ఆ పైన కత్తి ముచ్చికకి ఆనాలి, కాయ మొదట్లో కాదు, రెండంగుళాల పైన. ఒక చిన్న గుంజు. టక్కుమన్న చప్పుడు ముందు నాకు వినిపిస్తుంది, బరువు ముందు బాబాయ్ మణికట్టుకి తెలుస్తుంది. బంగినపల్లి ఒక్కోటి మూడున్నర, నాలుగు వందల గ్రాములు తూగుతుంది. అయిదు కాయలు పడ్డాయంటే కొసన రెండు కిలోలు. పదిహేనడుగుల అవతల రెండు కిలోలంటే ఎంత బరువో పట్టినవాడి భుజాన్ని అడగాలి. అందుకే బాబాయ్ నన్ను ఒక్కసారిగా వాల్చడు. చేతులు మార్చుకుంటూ మొదలుని వెనక్కి జారుస్తాడు, కొస నెమ్మదిగా ముందుకి దిగుతుంది. కాయ నేలని తాకకూడదు. పడిన కాయ ఆ పూటకి చక్కగానే కనిపిస్తుంది. మాగే రోజుల్లో దెబ్బ తగిలిన చోట నల్లబడి, లోపల మెత్తబడి, పెట్టెలో పక్కనున్నవాటిని కూడా పాడుచేస్తుంది.

ముచ్చిక వదలడం మీద ఇంత పట్టుదల దేనికంటే, మామిడి జీడిమామిడికి దాయాది. ముచ్చిక మొదలంటా విరిగిందంటే లోపలి సొన చిమ్ముతుంది. తొక్క మీద పడితే నల్లచార, చేతి మీద పడితే పొక్కు, కంట్లో పడితే ఆ పూటకి కోత బందు. దించిన కాయలకి చెట్టు నీడలో ముచ్చిక కత్తిరించి, గోనెపట్టా మీద తలకిందులుగా వరసలు పెడతారు. సొనంతా కారిపోయాక గానీ గడ్డిలోకి తీసుకెళ్ళరు. గదిలో ఒక వరస వరిగడ్డి, ఒక వరస కాయలు. అయిదారు రోజులు గడిస్తే తలుపు తియ్యకుండానే అమ్మగారికి తెలిసిపోతుంది.

కొమ్మ మీద నాకున్న అసలు శత్రువులు ఎర్ర చీమలు. మామిడాకుల అంచులు దగ్గరికి లాగి, తమ పిల్లపురుగులు తీసే పట్టుదారంతో కుట్టి గూళ్ళు కడతాయి. ఆ కుట్టుపని అంత దగ్గరగా చూసింది ఈ తోటలో నేనొక్కదాన్నే. పెద్ద చీమలు ఆకు అంచుని పట్టి బిగించి ఉంచుతాయి. మిగతావి పిల్లని నోట కరుచుకుని ఈ అంచుకీ ఆ అంచుకీ మగ్గం మీద నాడె ఆడినట్టు ఆడిస్తాయి. చిక్కం గూటికి తగిలిందో, నా ఒళ్ళే వాటికి రాజమార్గం. పైనుంచి దండు బయల్దేరి బాబాయ్ మోచేతి దాకా పోతుంది. తిట్టుకుంటూ దులుపుకుంటాడే గానీ గూడు కాల్చనివ్వడు. చెట్టుకి పట్టే పురుగుల్ని అవి ఏరుకు తింటాయని ఆయనకి తెలుసు.

మా పక్కతోట సంగతి వేరు. ఆ యజమానికి తోటే బతుకు. పూత మీదే కాపు ఒక వ్యాపారికి అమ్మేసి, బయానా తీసుకుని పిల్ల ఫీజు కట్టేస్తాడు. ఆ వ్యాపారికి కూడా ఎక్కడో ఒకచోట వడ్డీ నడుస్తూ ఉంటుంది. సీజను మొదట్లో ఉన్న రేటు, నున్న మార్కెట్‌కి లారీలు పెరిగేకొద్దీ దిగిపోతుంది. కాయ చెట్టున ఉన్నంతకాలం వాళ్ళకది డబ్బు కాదు, భయం. గాలి వస్తే రాలుతుంది, వాన పడితే మచ్చ పడుతుంది, వారం దాటితే ధర పడుతుంది. అందుకని ఒక తెల్లవారుజామున పది దోటీలతో ఒక ముఠా దిగుతుంది. ముదురూ లేతా చూడకుండా చెట్టుకి చెట్టు ఒకే విడతలో ఖాళీ చేసి లారీకెత్తుతుంది. లేత కాయని ఎలా మాగబెట్టినా రంగు వస్తుంది గానీ రుచి రాదు. కార్బైడ్ పెట్టి పండించడం నిషిద్ధం. ఇథిలీన్ వాయువుకైతే అనుమతి ఉంది, అదీ 100 పీపీఎం దాటకుండా. ఏ వాయువైనా ముదిరిన కాయని పండిస్తుందే తప్ప లేత కాయని ముదిరేలా చెయ్యలేదు.

ఒకసారి మాస్టారి చుట్టం ఒకాయన నగరం నుంచి వచ్చాడు. గట్టు మీద నిలబడి పక్కతోట కోత చూసి, "పచ్చికాయలు దులిపేస్తున్నారు, వీళ్ళకి బుద్ధుండొద్దూ" అన్నాడు. నన్ను చెట్టుకి ఆనించి బాబాయ్ చుట్ట వెలిగించుకుంటూ, "ఒకటో తారీఖుకి పింఛను పడే ఇంట్లో కాయ ఇరవయ్యో తారీఖుకి ముదిరినా పర్లేదు బాబుగారూ. వాళ్ళ సంగతి అది కాదు కదండీ" అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు. ఆ రాత్రి జమాఖర్చుల పుస్తకంలో జమ వైపు, ఎప్పుడూ రాయని ఒక పద్దు పైన రాశారు: "పింఛను". ఒక్కో చెట్టు కింద మేం మూడు నాలుగు విడతలు తిరుగుతాం. ముదిరినవి దించి మిగతావాటికి గడువిస్తాం. మా పళ్ళు తిన్నవాళ్ళు నేల మహిమ అంటారు, ఎరువు మహిమ అంటారు. పక్కతోటదీ అదే నేల. ఉన్న తేడా అల్లా మాకు ఆగే తాహతు ఉండటమే.

ఆగడం కూడా ఊరికే రాదు. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం, ఆఖరి విడత ఇంకా కొమ్మల మీదే ఉండగా, ఉత్తరాన మబ్బు కమ్మింది. ముందు దుమ్ము, వెనకే ఈదురుగాలి. పాకలోంచి చూస్తుంటే కాయలు నేల మీద పడుతున్న చప్పుడు ఏకధాటిగా వినిపించింది. తెల్లారేసరికి చెట్ల కింద అడుగు పెట్టడానికి చోటు లేదు. అదే గాలి పక్కతోటని సీజను మధ్యలో కొట్టి ఉంటే అక్కడ ఒక ఇంటి ఏడాది పోయేది. ఇక్కడ పోయింది సరదా పద్దులో ఇంకొంచెం. అమ్మగారు పీటలు, కత్తిపీట బయటికి తీశారు. పుల్లటి కలెక్టర్ కాయలు ఒరుగులయ్యాయి. మెత్తబడ్డ రసాలని పిసికి, పీచు వడగట్టి, బెల్లం కలిపి చాప మీద పూత పూశారు. ఆరాక ఇంకో పూత, మర్నాడు ఇంకో పూత. తాండ్రకి ఎండ కావాలి, ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. చినుకు పడినప్పుడల్లా చాప లోపలికి, పొడి కాయగానే బయటికి. ఆ రోజుల్లో చాప మీద కప్పిన పలచటి గుడ్డ లేవకుండా బరువుగా నన్నే పెట్టారు. కాకుల్ని తోలడానికీ నేనే.

కోత అయిపోగానే తోట పని అయిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. అసలు చాకిరీ అప్పుడే మొదలు. రాలి కుళ్ళినవన్నీ ఏరి రెండడుగుల గోతిలో పూడుస్తారు. వాటిని అలాగే వదిలేస్తే పండుఈగ పిల్లలు మట్టిలోకి దిగి, ఈగలై మళ్ళీ లేస్తాయి. తొలకరి తేమకి ఆ ఈగ ఇంకా రెచ్చిపోతుంది కాబట్టి, ఆలస్యంగా దిగే కలెక్టర్ కాయల కోసం మిథైల్ యూజినాల్ ఎరలు కొమ్మలకి వేలాడదీస్తారు. ఎత్తు కొమ్మలకి తగిలించే పని కూడా నాదే. మగ ఈగలు ఆ వాసనకి వచ్చి సీసాలో పడతాయి. చచ్చిన చెట్ల స్థానంలో కొత్త అంట్లు నాటడానికి మూడడుగుల గోతులు తీసి ఎండకి వదులుతారు. మృగశిర కార్తెలో మంచి వాన ఒకటి పడితే చెట్ల సందుల్లో దున్ని జనుము చల్లుతారు. పూతకొచ్చాక అక్కడే కలియదున్నితే అదే ఎరువు. ఎండుపుల్లలు, గుబురు కొమ్మలు కత్తిరించి చెట్టు నడిమికి వెలుతురు దించుతారు. ఈ ఏడు విరగకాసిన బంగినపల్లి వచ్చే ఏడు కాస్త మొహం చాటేస్తుందని అందరికీ తెలుసు. అయినా చాకిరీలో తేడా రానివ్వరు.

నాకూ వయసు మీద పడింది. మొదలు దగ్గర సన్నటి పగులు వస్తే బాబాయ్ రాగితీగ చుట్టాడు. అది చూసి అల్లుడుగారు హైదరాబాద్ నుంచి అల్యూమినియం దోటి తెచ్చారు. లాగితే సాగుతుంది, ముడిస్తే కారు డిక్కీలో పడుతుంది, కొసన కత్తెర కూడా ఉంది. మంచి పనిముట్టే, అబద్ధం చెప్పను. దాని తేలికకి మాస్టారు మురిసిపోయారు కూడా. బాబాయ్ మాత్రం గట్టు వెంట పోయే కరెంటు తీగల వైపు చూపించి, "ఆ వరసకి ఇది వద్దు మాస్టారూ. ఎండు వెదురునైనా తీగకి దూరంగానే పెట్టాలి, లోహమైతే ప్రాణాలకే మోసం" అన్నాడు. అలా తోట నడిమి వరసలు దానికి, గట్టు వరస నాకు అని పంపకం జరిగింది.

పాకలో దానికి నా పక్కనే చోటిచ్చారు. అడక్కపోయినా నాలుగు ముక్కలు చెప్పాను. ముచ్చిక రెండంగుళాలు వదులు. చీమల గూడున్న కొమ్మని ఆఖరికి పెట్టుకో. కాయ అందిందని కొయ్యకు, బాబాయ్ తలూపితేనే కొయ్యి. జమాఖర్చుల పుస్తకం తెరిచి ఉన్నప్పుడు మాత్రం మాస్టారి ముందు రేటు ఊసెత్తకు. అమ్మగారి చెవిన పడిందంటే వచ్చే ఏడు మనిద్దరికీ ఉద్యోగం ఉండదు.