ఒక మెసేజ్, వంద దేశాలు: జెనీవా వెళ్లే ప్రతినిధులకు చిట్కాలు

డిజిటల్ ఆరోగ్యం మీద దేశాల మధ్య విధానం రాయడానికి పిలుపొచ్చిందా? ముందు ఒక పరిశోధన పత్రం చంకలో పెట్టుకోండి. చదవడానికి కాదు, చూపించడానికి.

కెన్యాది బాగా చెల్లుతుంది. 2010లో లాన్సెట్‌లో వచ్చింది. హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన 538 మందిలో సుమారు సగం మందికి వారానికోసారి ఫోన్లో ఒకటే మాట పంపారు: "మాంబో?" స్వాహిలీలో అది మన "ఏమిటి సంగతులు?" లాంటిది. బాగుంటే "సావా", ఇబ్బందిగా ఉంటే "షిడా" అని 48 గంటల్లో జవాబివ్వాలి. మందులు తప్పకుండా వేసుకున్నామని చెప్పినవాళ్లు మెసేజ్ అందినవాళ్లలో 62 శాతం, అందనివాళ్లలో 50 శాతం. ఈ రెండు అంకెలూ రాసుకుని పత్రం మూసేయండి. ఇంకాస్త చదివారో, చిక్కొచ్చి పడుతుంది. షిడా అన్నవాళ్లకీ, ఉలుకూ పలుకూ లేనివాళ్లకీ క్లినిక్ నుంచి ఒక మనిషి ఫోన్ చేసి మాట్లాడేవారట! మనిషంటే జీతం, సెలవులు, పెన్షన్. ముసాయిదాలో మెసేజ్ ఉంచండి, మనిషిని కొట్టేయండి.

కామెరూన్ రాజధాని యావుండేలో ఇలాగే 200 మందిలో సుమారు సగం మందికి వారం వారం మెసేజ్‌లు పంపి ఆరు నెలలు చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2012లో మరో పత్రం వచ్చింది. దాన్ని ఎవరైనా ఎత్తబోతే వెంటనే టీ విరామం ప్రకటించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో టెలిమెడిసిన్‌కి సరే అంటూనే ఒక షరతు పెట్టింది: అది ఉన్న వైద్యసేవలకు తోడుగా ఉండాలే తప్ప వాటి స్థానంలోకి రాకూడదని. "సరే" దాకా కాపీ చేయండి. షరతు మరీ బాధిస్తే చిన్న అక్షరాల్లో వేయండి.

పైలట్ ప్రాజెక్టులు ఎక్కువైపోయాయని 2012లో ఉగాండా ఆరోగ్యశాఖ కొత్తవాటిని ఆపేయించింది. మీరు ఆ పొరపాటు చేయకండి. పైలట్ అంటే రిబ్బను, ఫొటో. దేశమంతా నడపడమంటే బడ్జెట్. ఒకరి పని ఇంకొకరు మళ్లీ చేయకూడదని 2023 ఆగస్టులో గాంధీనగర్ జీ20 సమావేశాల్లో ప్రపంచ స్థాయి వేదిక ప్రకటించారు కదా, దానికి చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి మీ సొంత యాప్ మొదలుపెట్టండి.

కుప్పం ఊసు మాత్రం తేకండి. దక్షిణాఫ్రికాలో పుట్టి, ఓస్లో విశ్వవిద్యాలయం చేతుల్లో పెరిగిన ఆరోగ్య సమాచార వ్యవస్థ మన దేశంలో తొలి అడుగులు వేసింది అక్కడి పీహెచ్‌సీల్లోనే, ఇరవై ఏళ్లకు పైనే అయింది. దాని వారసుడు డీహెచ్‌ఐఎస్2 ఇవాళ పదుల దేశాల్లో నడుస్తోంది. ఆ కథలోకి దిగితే రిజిస్టర్ల మోత మోసే ఏఎన్‌ఎమ్మని కూడా పిలిచి అడగాల్సి వస్తుంది.

ఆమెకు ట్యాబ్ ఇవ్వండి, రిజిస్టరు మాత్రం తీసేయకండి. రెండింట్లోనూ ఎక్కించమనండి: ఒకటి జెనీవాకి, ఒకటి జిల్లా ఆఫీసుకి. శనివారం సాయంత్రం "ఎలా ఉన్నావమ్మా?" అని మెసేజ్ కొట్టి చూడండి, "బాగున్నా సార్" అనే వస్తుంది. ఇంకోలా అంటే ఫోన్ చేసే మనిషిని మనం ఎప్పుడో కొట్టేశాం కదా.