వేలిముద్రగాళ్ళ రాజ్యం

ఏమీ తెలియనివాణ్ణి తిట్టడానికి మన భాషలో మాటలకు కరువు లేదు. మొద్దు, మట్టిబుర్ర, వెర్రిబాగులోడు. ఇవి చాలవన్నట్టు చదువుకున్న పెద్దలు ‘వేలిముద్రగాడు’ అనే మాటను కూడా ఆ వరసలో చేర్చారు. సంతకం రాదంటే బుర్ర లేనట్టేనట! ఎన్నికల ఫలితాలు తమకు నచ్చని రోజున ఈ తిట్టు మరీ జోరందుకుంటుంది. “వేలిముద్రగాళ్ళకు ఓటేమిటండీ?”

మరి ఈ పెద్దలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఏం చేస్తారు? బుద్ధిగా బొటనవేలు చాపుతారు. రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో చేసిన సవరణ పుణ్యమా అని ఫొటోతోపాటు వేలిముద్ర కూడా వేయాల్సిందే, పీహెచ్‌డీ ఉన్నా సరే. ఆధార్‌కు పది వేళ్ళూ సమర్పించుకున్నారు. హాజరుకు వేలు, ఫోను తెరవడానికి వేలు. సంతకం ఎవడైనా గిలికేస్తాడని, వేలినే నమ్మాలని సర్కారు ఏనాడో తేల్చేసింది.

జనగణనవారి లెక్క సాదాసీదాది. ఏడేళ్ళు నిండినవారు ఏదో ఒక భాషను అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. తెలివికీ లోకజ్ఞానానికీ అందులో గడి లేదు. ‘అర్థం చేసుకుంటూ’ అన్న షరతును ఎవరూ గట్టిగా పట్టించుకోకపోవడం మన డిగ్రీవాళ్ళ అదృష్టం. 2016లో రెండువేల నోటులో నానో చిప్ ఉందని, భూమిలో పాతినా ఉపగ్రహం పసిగడుతుందని ఫోన్లలో చాటింపు వేసింది నిశానీ పెట్టేవాళ్ళా? చక్కగా చదవడం, రాయడం వచ్చినవాళ్ళే.

అక్షరాన్ని తక్కువ చేసేవాడెవడూ లేడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు దిద్దుకుంటూనే సారా మీద తిరగబడ్డారు. మరుసటేడు అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అయితే సారా కొంప ముంచుతుందని వాళ్ళకు ఏ వాచకమూ చెప్పనక్కర్లేదు, మునిగిన కొంపలు వాళ్ళవే. ఆ సారాకు వేలంపాటలు నడిపిన అధికారులకు మాత్రం చదువుకేం లోటు లేదు.

హర్యానా ఈ తిట్టును ఏకంగా చట్టం చేసింది. పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలంటే జనరల్ కేటగిరీ మగవాళ్ళు పది పాసై ఉండాలని 2015లో నిబంధన పెట్టింది. మంచిచెడుల విచక్షణ చదువువల్లే వస్తుందంటూ సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబరులోనే దాన్ని సమర్థించింది. బడి దక్కనివాడిది నేరం, బడి పెట్టనివాడిది పాలన! ఊళ్ళో వీధిదీపం వేయించడానికి పదో తరగతి కావాలి. ఆ చట్టానికి చెయ్యెత్తే ఎమ్మెల్యే కావడానికి ఒకటో తరగతి కూడా అక్కర్లేదు.