చింతబరికె కథ

చింతబరికె పుట్టేది పెరటి చింతచెట్టు కొమ్మ చివర. ఈ బరికెకు ఒక ఊరంటూ లేదు. తెలుగు పల్లెల్లో చింతచెట్టు ఉన్న ప్రతి ఇల్లూ దాని పుట్టిల్లే. చింత మొదట ఆఫ్రికా ఉష్ణ ప్రాంతాల చెట్టు. ఎప్పుడో ప్రాచీన కాలంలోనే ఈ నేలకు వచ్చి ఇక్కడిదైపోయింది. చిగురు పప్పులోకి, కాయ పచ్చడిలోకి, పండు పులుసులోకి పోగా మిగిలే సన్నకొమ్మ బరికె అవుతుంది. చిటికెన వేలంత లావున్న కొమ్మను విరిచి, ఆకు దూసేస్తే చాలు. పచ్చికొమ్మకు సాగే గుణం ఎక్కువ కాబట్టి వంచినా తొందరగా విరగదు. బరికె బతుకంతా ఈ గుణం చుట్టూనే తిరిగింది.

పెరట్లో దానికి చాలా పనులున్నాయి. దూడను పాకలోకి తోలడం, ఎండబెట్టిన వడియాల మీదికి వచ్చే కాకులను అదిలించడం, ధాన్యం దగ్గర చేరే కోళ్లను తరమడం రోజువారీ పనులు. వీటన్నిటికంటే ఓపికైన పని పాదు దగ్గరుంటుంది. చిక్కుడు గింజ మొలిచి తీగ సాగే వేళకు పక్కన బరికె గుచ్చితే, తీగ దాన్ని చుట్టుకుని పందిరి అందుకుంటుంది. వంగ, టమాటా మొక్కలు కాయల బరువుకు ఒరిగినప్పుడు కూడా బరికె ఊతమవుతుంది. మొక్కను దానికి అరటినారతో వదులుగా కడతారు. బిగించి కడితే కాండం లావెక్కేటప్పుడు నార కోసుకుపోతుందని పెరటి పని చేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఇదే బరికెను చూరులో దోపి పిల్లల కోసం కూడా దాచేవారు. నూతిగట్టు ఎక్కినా, మిట్టమధ్యాహ్నం చెరువుకు పోయినా, ఎక్కాలు అప్పజెప్పలేకపోయినా అది చూరులోంచి దిగేది. దీని వెనక ఉన్నది కేవలం కోపం కాదు. నుయ్యి, చెరువు నిజమైన ప్రమాదాలు. తెల్లవారుజామున లేచి నీళ్లు తోడి, పేడ ఎత్తి, దంచి, వండి, నలుగురైదుగురు పిల్లలను సాకే తల్లికి ఒకే మాట పదిసార్లు నచ్చజెప్పే తీరిక ఉండేది కాదు. కొట్టని తల్లిది గారాబమని ఇరుగుపొరుగు అనేవారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత బరికెకు సమర్థనగా నిలిచింది. పిల్లలకు దిక్కు నాయనమ్మ కొంగు ఒక్కటే.

వీధిబడిలో బరికె ఇంకా కఠినమైన చేతికి చిక్కింది. గుంజీలు, గోడకుర్చీ, తొడపాశం అక్కడి శిక్షలు. అన్నిటికంటే దారుణమైనది కోదండం: దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడుతుంటే కింద కాళ్ల మీద బరికె ఆడేది. పంతులుకు ఆ అధికారం ఇచ్చింది తల్లిదండ్రులే. 1860 నాటి భారత శిక్షాస్మృతి 89వ సెక్షన్ కూడా, పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు గానీ, వారి సమ్మతితో ఇతరులు గానీ చేసే పనికి రక్షణ ఇచ్చింది. దండనను సమర్థించేవారు దీన్నే ఆసరా చేసుకున్నారు.

కొడితేనే పిల్లలు దారికొస్తారన్న నమ్మకాన్ని ప్రశ్నించిన గొంతులు ఇరవయ్యో శతాబ్దంలో బలపడ్డాయి. గుజరాత్‌లో గిజుభాయి బధేకా దెబ్బలూ భయమూ లేని బడిని నడిపి చూపారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, పిల్లలు తమ చేతులతో చేస్తూ తామే నేర్చుకుంటారనే పద్ధతిలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తెలుగులో చలం, పాఠశాలల తనిఖీ అధికారిగా బడులను దగ్గరనుంచి చూసిన మనిషి, ‘బిడ్డల శిక్షణ’ రాసి పిల్లలను కొట్టే పెద్దలను నిలదీశారు.

చట్టం ఆ తర్వాత కదిలింది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. ఆంధ్రప్రదేశ్ 2002లో విద్యా నిబంధనలు సవరించి బడిలో శారీరక దండనను నిషేధించింది. అయినా 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ, ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలను పరిశీలించి వెలువరించిన అధ్యయనంలో, బడికి వెళ్లే ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్, పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా దేశమంతటా బడుల్లో నిషేధించింది. ఇంటి గడప దగ్గర మాత్రం చట్టం ఆగిపోయింది. స్వీడన్ 1979లోనే, నేపాల్ 2018లో ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించాయి. భారతదేశంలో అలాంటి చట్టం లేదు. పాత 89వ సెక్షన్ 2024 నుంచి భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

దెబ్బ ఏం చేస్తుందో బరికెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దాని శబ్దానికి పిల్లవాడు ఆ క్షణం ఆగుతాడు. తప్పు ఎందుకు తప్పో గ్రహించడు. పెద్దలు చూడనప్పుడు చేయడం, అడిగితే అబద్ధం చెప్పడం, తనకన్నా చిన్నవాణ్ని కొట్టడం నేర్చుకుంటాడు. లక్షా అరవై వేలకు పైగా పిల్లల సమాచారాన్ని క్రోడీకరించి 2016లో వెలువడిన ఒక పరిశోధన కూడా, దెబ్బలు తినే పిల్లల్లో మొండితనం, దూకుడు, మానసిక సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయని తేల్చింది.

ఇప్పుడు చాలా ఇళ్లకు చూరూ లేదు, చింతచెట్టూ లేదు. బరికె కనబడనంత మాత్రాన దెబ్బ పోలేదు. అరచెయ్యి ఉంది, అరుపు ఉంది, పక్కింటి పిల్లల ర్యాంకులతో పోల్చే మాట ఉంది. వీటికి బదులుగా నిలిచే పద్ధతులు తేలికైనవే, కాకపోతే ఓపిక అడుగుతాయి. హద్దులు ముందే చెప్పాలి, చెప్పిన హద్దును రోజూ ఒకేలా పాటించాలి. పాలు ఒలకబోసిన పిల్లకు తుడవడానికి గుడ్డ ఇవ్వాలి. నూతిగట్టు ఎక్కే పిల్లవాణ్ని బాదడం కన్నా నూతికి మూత వేయడం మేలు. డాబా మీద కుండీలో మెంతులు చల్లించి నీళ్లు పోసే బాధ్యత అప్పగిస్తే, మొలక రావడానికి పట్టే నాలుగైదు రోజులు ఓర్పు నేర్పుతాయి.

సామెత చెప్పినట్టు మొక్కగా ఉన్నప్పుడే దిద్దాలన్నది నిజమే. అయితే ఏ తోటలోనూ మొక్కను కొట్టి వంచరు. ఊతమిచ్చి, వదులుగా కట్టి, ఎదిగే చోటు వదులుతారు. బరికె తన రెండు ఉద్యోగాల్లో సరిగ్గా చేసినది పాదు దగ్గరి పనే. పిల్లల మీద దాని పని ఇంట్లో కూడా ముగియాలి. అందుకు చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఏ తల్లీ ఏ తండ్రీ అయినా ఈ రోజే ఆ నిర్ణయం తీసుకోవచ్చు.