కుట్లు చూపించే బావగారు

కాలు విరిగినవాడికి పిండికట్టు ఉంటుంది. కంటి ఆపరేషన్ అయినవాడికి నల్లకళ్ళజోడు ఉంటుంది. చూడగానే ఎదుటివాళ్ళు "అయ్యో" అంటారు. చిగుళ్ళ ఆపరేషన్ అయినవాడి గతేమిటి? నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు, తెరుద్దామంటే డాక్టరు ఒప్పుకోడు. ఈ అన్యాయం సహించలేక సొంత ప్రచారానికి దిగే జాతి ఒకటి మన మధ్య ఉంది. గుంటూరులో ఉండే మా బావగారు అందులో అగ్రగణ్యులు.

నిజానికి జరిగింది ఇంతే. కింది దవడపళ్ళ దగ్గర చిగురు వదులై నెత్తురు కారుతుంటే, దంతవైద్యుడు మత్తు సూది వేసి, చిగురు కోసి కాస్త పైకి లేపి, పళ్ళ వేళ్ళకు పట్టిన గార గీకేసి, మళ్ళీ కుట్టి, పైన గులాబీరంగు ముద్ద ఒకటి అద్ది పంపించాడు. ఫ్లాప్ సర్జరీ అంటారు. సగం సినిమా చూసేంతసేపు పట్టి ఉంటుంది. బావగారు మాత్రం చుట్టాలందరికీ "దవడ ఆపరేషన్" అని మా అక్క చేత ఫోన్లు చేయించారు.

డాక్టరు జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసిచ్చాడు. మొదటిరోజు బుగ్గ మీద బయటినుంచి ఐసు పెట్టుకోవాలి. ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. అలా చేస్తే గడ్డకట్టిన నెత్తురు ఊడి మళ్ళీ కారుతుంది. తలగడ ఎత్తుగా పెట్టుకోవాలి. కారం, వేడి వద్దు. చల్లగా మెత్తగా తినాలి. బుగ్గ లాగి కుట్లు చూసుకోకూడదు, ఇంకొకరికి చూపించకూడదు. వీటిలో బావగారు తు.చ. తప్పకుండా పాటించింది ఐస్‌క్రీము ఒక్కటే.

పరామర్శకు వచ్చినవాళ్ళు కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే సెల్‌ఫోను టార్చి వెలిగేది. చూపుడువేలు పెదవి మూలకు కొక్కెంలా తగిలించి, బుగ్గను చెవిదాకా లాగి, తల వెనక్కి వాల్చి, "ఆఁ... ఆఁ..." అనేవారు. అంటే చూడమని. పాలవాడు చూశాడు. ఎల్‌ఐసీ ఏజెంటు చూసి, పాలసీ మాట ఎత్తకుండా లేచిపోయాడు. పక్కింటి మాస్టారు కళ్ళజోడు సవరించుకుని మరీ చూసి, "ఏదో బబుల్‌గమ్ అంటుకున్నట్టుందండీ" అన్నారు. ఆ పూట బావగారు పెరుగన్నం కూడా ముట్టలేదు.

రెండురోజులు గడిచేసరికి ఆ ముద్ద కాస్తా ఊడింది. ఇంకొకరైతే కంగారుపడి డాక్టరుకు ఫోన్ చేసేవారు. ఈయనకు పండగ! నల్లటి కుట్లు బయటపడ్డాయి మరి. నన్ను దగ్గరికి పిలిచి, "పట్టుదారమటోయ్! మీ నాన్నగారు పెళ్ళిలో పెట్టిన పంచె కూడా నూలుదే" అన్నారు. ఆ వాపు నోటిలోంచి కూడా ఈ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

ఇక్కడితో ఆగితే నేనింత రాయాల్సిన పనిలేదు. సరిగ్గా ఆపరేషన్ రోజునే అక్క ఆవకాయ కలిపింది. మే నెల, మామిడికాయ పండేలోపు కలిపెయ్యాలి, దవడ కోసం ఆగుతుందా? మూడోరోజు తిరగకలపాలి, ఉప్పు చూడాలి. ఆ ఇంట్లో ఉప్పు చూసే హోదా ముప్ఫయ్యేళ్ళుగా బావగారిదే. మజ్జిగన్నం దాటనివాడికి ఊరగాయ ఏమిటని అందరం అడ్డుపడ్డాం. హోదా ఊరుకోనిస్తుందా? వేలికొసకు ఊటంటించి నాలుక మీద రాసుకున్నారు. కళ్ళు మూశారు. మేమందరం ఊపిరి బిగబట్టాం.

"ఉఫ్ఫు ఫాలదు."

అక్క గుప్పెడు వేసింది. మళ్ళీ వేలు, మళ్ళీ ధ్యానం. "ఇంకా ఫాలదు." ఇంకో గుప్పెడు పడింది. నేను కాస్త ముక్క కొరికి చూసి గ్లాసెడు నీళ్ళు తాగాను. బావమరిది మాటకు విలువెక్కడిది! "నిన్నగాక మొన్న పుట్టినవాడివి, నీకేం తెలుసు ఆవకాయ?" అని నన్నే కసిరారు. జాడీకి వాసెన కట్టేశారు.

అసలు దొంగ ఎవరో వారం తర్వాత, కుట్లు విప్పించడానికి తోడు వెళ్ళినప్పుడు తెలిసింది. రెండోరోజు నుంచి పూటపూటా పుక్కిలించమని ఇచ్చిన మందు ఉందే, క్లోర్‌హెక్సిడిన్, అది వాడుతున్నన్నాళ్ళూ నాలుకకు రుచులు సరిగా తెలియవు, ముఖ్యంగా ఉప్పు. పళ్ళ మీద గోధుమరంగు మరకలు కూడా పడతాయి. మరకల సంగతి బావగారికి ముందే తెలుసు, వాటినీ టార్చి వేసి చూపించారు. ఉప్పు సంగతి చెప్తే మాత్రం డాక్టరుకు ఆవకాయ తెలియదని తేల్చేశారు.

ఏడాదికి సరిపడా కలిపిన ఆవకాయ అది. అందులో బీపీ ఉన్న అక్కకు ఒక్క ముక్క కూడా దక్కలేదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా చిగుళ్ళ ఆపరేషన్ అయితే కుట్లు చూపిస్తానన్నప్పుడు చూసెయ్యండి, పోయేదేమీ లేదు. ఆ పుక్కిలింత మందు సీసా ఖాళీ అయ్యేదాకా ఉప్పు చూడమని మాత్రం అడక్కండి.