సెలవుల్లో రాకెట్టా, ర్యాంకా?

తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో ‘యువిక’ అనే శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. మే నెలలో రెండు వారాలు. తిండి, బస, రానుపోను ఖర్చులు ఇస్రోవే. పంచాయతీ ఊళ్ల బడిపిల్లలకు ఎంపికలో అదనపు మార్కులు కూడా. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రాన్ని కళ్లారా చూడొచ్చు.

ఓ తొమ్మిదో తరగతి అబ్బాయి తండ్రిగారు ఈ వివరాలన్నీ విని ఒక్కటే అడిగారు: “ఇందులో ర్యాంకెంత వస్తుంది?”

రాదు. పైగా ఫీజు లేదనేసరికి ఆయనకు అనుమానం ముదిరింది. ఊరికే వచ్చేదాంట్లో చదువేముంటుంది?

చివరికి అబ్బాయి బడిలోనే పెట్టిన ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల్లో తేలాడు. జూన్ రాకముందే టెన్త్ లెక్కలు సగం అయిపోవాలట! వేసవిలో క్లాసులు పెట్టొద్దని అధికారులు ఏటా హెచ్చరిస్తారు. అందుకే బడి ముందు గేటుకు బుద్ధిగా తాళం వేసి ఉంది. పిల్లలు వెనక సందులోంచి వెళ్తున్నారు.